ఎడమ చేతికి ఎదురు పురి

నా చిన్నప్పుడు, ఇంకా పాలపళ్లు పూర్తిగా ఊడని వయసులో, మా తాతయ్య ప్రాణాన్ని నేనొక్కణ్ణే కాపాడాను. చేతిలో కత్తి లేదు, కర్ర లేదు. ఎదురుగా ఉన్నది పామూ కాదు, ఎలుగుబంటీ కాదు, సాక్షాత్తూ చావు. దాన్ని మెడ పట్టుకుని, చివరి ముడి పళ్లతో కొరికి, బారలకు బారలు పీకి, ఉండ చుట్టి గడ్డివాములో పడేశాను.

ఈ కథ నేనెప్పుడూ ఇలాగే మొదలుపెడతాను. విన్నవాళ్లు నోరు తెరుస్తారు. ఆ తెరిచిన నోరు చూడడం నాకు ఇష్టం. అందుకోసం కొన్నాళ్లు ఇందులోకి నిజంగానే ఒక ఎలుగుబంటిని కూడా తెచ్చాను. మా ఆవిడకి నచ్చకపోవడంతో దాన్ని పంపేయాల్సి వచ్చింది.

మొన్న చలికాలంలో మా మనవరాలు సెలవులకి వచ్చింది. రాజాంలో కాలేజీ చదువు దానిది. వసారాలో కూర్చుని, ఎదురుగా చెంబుకి ఫోను ఆనించి, అందులో ఎవరో చూపిస్తూ ఉంటే చూసి ఊలు అల్లుతోంది. ఏమిటే అంటే, వేళ్లు లేని చేతి తొడుగులట. పొద్దున్నే మంచులో స్కూటీ మీద వెళ్లేటప్పుడు అరచేతులు వెచ్చగా ఉంటాయి, ఫోను నొక్కడానికి వేళ్లు ఖాళీగా ఉంటాయి. తొడుగు వీపు మీద రెండు తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి పాకుతున్నట్టు అల్లిక. దాని పేరు కేబులు అని చెప్పింది. ఆ ఒక్క మాట వంటింట్లోకి వినిపించింది. మా ఆవిడ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"కేబులు పోయిందేటే? సీరియలు ఏలకైనా వస్తాదా, రాదా?"

"టీవీ కేబులు కాదు నాన్నమ్మా, అల్లిక పేరు."

"అల్లికకి కేబులేటే! రేపు చపాతీకి కరెంటంటావు."

ఈ గొడవలో మనవరాలు అల్లిన రెండు తొడుగులూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఉసూరుమంది. కుడి చేతిదానిలో తీగలు ఒక వైపు తిరిగాయి, ఎడమ చేతిదానిలో రెండో వైపు తిరిగాయి. ఎక్కడో పొరపాటు పడ్డానని, ఎడమది మొత్తం విప్పేస్తానని ఊలు కొస పట్టుకుంది. నేను వాలుకుర్చీలోంచి లేచిన వేగానికి మా ఆవిడే భయపడింది.

"ఆగవే! అది ఇప్పకు! ఒకసారి ఇప్పి సచ్చినంత పనయింది నాకు."

అప్పుడు దానికి ఈ కథ చెప్పాను. మొదట నా పద్ధతిలో, ఈ జిల్లాకి కేబులు అల్లిక తెచ్చిందే నేనన్నట్టు చెప్పాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసింది. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఇక్కడ రాస్తున్నది ఆ రెండోసారి చెప్పింది.

మా ఊరు రాజాం వైపు. చీపురుపల్లి స్టేషనుకి పన్నెండు కోసుల దూరం. సరే, నాలుగు కోసులు. పన్నెండన్నది బండి గతుకులతో కలిపి. చుట్టుపక్కల మెట్ట పొలాల్లో అందరూ గోగు వేసేవారు. వానలు తగ్గాక గోగు కోసి, మోపులు కట్టి, నీటి గుంటల్లో ఊరవేసి, మెత్తబడ్డ బెరడు ఒలిచి, నార జాడించి ఆరేసేవారు. నెలరోజులు ఊరంతా అదొక వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అది పంట చేతికొచ్చిన వాసన.

ఆ నారతో తాళ్లు పేనడంలో మా తాతయ్యని మించినవాడు మద్రాసు నుంచి కలకత్తా దాకా లేడు. కనీసం మా వీధిలో లేడు. పశువుల పలుపులు, బావి చేదలు, బండి మోకులు, మంచాల నులక, ఊళ్లో ఏ తాడు పట్టుకున్నా అది ఆయన అరచేతుల మధ్యనుంచి వచ్చినదే. తడిపిన నారని రెండు చేతుల మధ్య పెట్టి రుద్దితే పురి ఎక్కుతుంది. మందం ఎంత వస్తోందో ఆయన కళ్లతో చూసేవాడు కాదు, వేళ్ల కొసలతో తెలుసుకునేవాడు. ఎవరితోనో కబుర్లు చెబుతూ, మధ్యలో గేదెని అదిలిస్తూ, నన్ను తిడుతూ ఉంటే, ఆయన చేతుల కిందనుంచి తాడు తన దారిన తాను పెరుగుతూ ఉండేది.

మా ఇంట్లో తాడుకి ఒకటే దిక్కు. ఎప్పుడూ ఒక వైపే తిరగాలి. దానికి తిరుగుడుగా పేనితే ఎదురు పురి అనేవాళ్లం. ఎదురు పురి తాడు ఒక్క పనికే వాడేవారు. ఊళ్లో ఎవరైనా పోతే పాడె కట్టడానికి. దాన్ని తాతయ్య ఇంట్లో పేనేవాడు కాదు. వీధి చివరికి వెళ్లి నిలబడి పేనేవాడు. మిగిలిన ముక్క ఇంటికి తెచ్చేవాడు కాదు. అంతకు ముందు ఏడే మా నాన్నమ్మ పోయింది. ఆ పొద్దున ఆయన వీధి చివర నిలబడి ఆవిడ కోసం ఎదురు పురి పేనడం నేను అరుగు మీంచి చూశాను. నాకప్పుడు ఏడేళ్లు. ఏడుపు రాలేదు. ఆ చేతులు తిరిగిన దిక్కు మాత్రం కళ్లలో ఉండిపోయింది.

ఇది చెప్పకపోతే తరువాత నేను చేసిన పని మీకు వట్టి కోతి చేష్టలా కనిపిస్తుంది. సగం కోతి చేష్టే అనుకోండి.

మరుసటి ఏడు చలి ఎంతగా వేసిందంటే బావిలో నీళ్లు గడ్డకట్టి చేద వేస్తే ఠంగుమని మోగింది. అబద్ధం. మా వైపు నీళ్లు ఎప్పుడూ గడ్డకట్టవు. కానీ పొద్దున్నే తడి నార ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. తాతయ్య అరచేతులు పగిలిపోయాయి. చిన్న చిన్న చీలికల్లోంచి రక్తం వచ్చి నారకి అంటుకునేది. ఆముదం రాసుకునేవాడు, మళ్లీ నార పట్టేవాడు. దానికి తోడు దగ్గు పట్టుకుంది. ఆయన దగ్గినప్పుడల్లా నా చూపు తెలియకుండానే వీధి చివరికి పోయేది.

మా పక్కింట్లో బడి మేష్టారి కుటుంబం ఉండేది. ఆయన కూతురిని నేను అక్కా అనేవాణ్ణి. విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు అక్క ఊలు అల్లడం నేర్చుకుంది. మేష్టారి పాత సైకిలు చువ్వలు రెండు రాతి మీద అరగదీసి సూదులు చేసుకుంది. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే వాళ్ల బావగారు తెచ్చిన ఊలు ఉండలు రెండు తన పెట్టెలో దాచుకుంది. లేత చిక్కుడాకు రంగువి. తన కోసం ఏదో అల్లుకోవాలని చాలా నెలలు వాటిని ముట్టుకోకుండా ఉంచుకుంది. తాతయ్య చేతులు చూసిన రోజు సాయంత్రం ఆ పెట్టె తెరిచింది.

ముందు మామూలు చేతి తొడుగులే అల్లుతానంది. తాతయ్య ఒప్పుకోలేదు.

"ఏళ్లు మూసేస్తే నార నాతో మాటాడదే అమ్మా," అన్నాడు.

"అయితే ఏళ్లు ఒగ్గేద్దాం తాతా. అరిసెయ్యికి మటుకు అంగీ కుడతాను," అంది అక్క.

అలా పుట్టింది ఆ తొడుగు. మణికట్టు దగ్గర బిగుతుగా మొదలై, అరచేతిని కప్పి, వేళ్లు మొదలయ్యే చోట ఆగిపోతుంది. బొటనవేలికి పక్కన ఒక చీలిక. వట్టిగా అల్లితే ఏం బాగుంటుంది, మీద ఏదైనా వేద్దామంది అక్క. నేను పెరట్లోకి పరిగెత్తి, పందిరి మీదికి పాకుతున్న చిక్కుడు తీగల్లో ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు కొసలు తెంపి తెచ్చి ఆవిడ ఒళ్లో పడేశాను. అక్క వాటిని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. ఇదే వేస్తానంది.

ఆ తొడుగుల్లో నా వంతు పని, దేవుడి సాక్షిగా, ఆ తీగ తెంపి తేవడం. ఇంకా ఊలు ఉండ దొర్లిపోకుండా పట్టుకోవడం. నేను ఊళ్లో చెప్పింది వేరు. తొడుగులు నేనే అల్లుతున్నానని, అక్క పక్కన కూర్చుని నేర్చుకుంటోందని చెప్పాను. తాతయ్యకి కూడా అదే చెప్పాను. ఆయన తల ఊపి, ఒక వెదురు పుల్లని వేలెడంత పొడవున చెక్కి, నున్నగా గీకి నా చేతికిచ్చాడు. మెలిక తిప్పేటప్పుడు రెండు కుట్లని పక్కకి తీసి పట్టుకోవడానికి అలాంటి పొట్టి పుల్ల ఒకటి కావాలని అక్క అడిగిందట. నేను అల్లుతున్నానని చెబితే నాకిచ్చాడు. అది ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. జేబులో వేసుకుని తీసుకెళ్లి అక్కకి ఇచ్చేశాను.

నాలుగు కుట్లలో రెండింటిని ఆ పుల్ల మీదికి తీస్తారు. అల్లిక ముందు వదిలి మిగతా రెండూ అల్లితే తీగ ఒక వైపు దాటుతుంది. అల్లిక వెనక వదిలితే రెండో వైపు దాటుతుంది. అంతే కిటుకు. ఇంత చిన్న సంగతి అప్పుడు నాకు తెలియకపోవడం వల్ల జరిగిన అనర్థమే ఈ కథ.

అక్కకి విజయనగరంలో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. సాయంత్రం ప్యాసింజరుకి బయలుదేరాల్సిన రోజు పొద్దున, నేను వాళ్లింటికి వెళ్లేసరికి అందరూ పెట్టెలు సర్దడంలో ఉన్నారు. కిటికీలో రెండు తొడుగులూ ఉన్నాయి. కుడి చేతిది అంచు కుట్టి సిద్ధంగా ఉంది. ఎడమ చేతిది అల్లడం అయిపోయింది గానీ అంచు ఇంకా కుట్టలేదు, పలకలా పరిచి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి మురిసిపోదామని చూశాను. ఎడమదాన్ని గబుక్కున చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాను.

కుడి చేతి తీగ మా పెరట్లో తీగలాగే, మా ఇంటి తాడులాగే తిరిగింది. ఎడమ చేతిది ఎదురు పురి.

ఎనిమిదేళ్లవాడి బుర్ర ఎంత వేగంగా పనిచేస్తుందో మీకు తెలుసు. తాతయ్యకి దగ్గు. తాతయ్య చేతికి ఎదురు పురి. రేపు పొద్దున తొడుక్కుంటాడు. ఇంక చెప్పేదేముంది! పెరట్లోకి పరిగెత్తి చిక్కుడు పందిరి అంతా వెతికాను. ఒక్క తీగైనా అటు తిరిగిందేమోనని ఆశ. అన్నీ ఒకే వైపు చుట్టుకుని ఉన్నాయి. భూమ్మీద లేని తీగని అక్క తాతయ్య చేతికి చుట్టిందన్నమాట. అక్కని అడగవచ్చు. కానీ అడిగితే, తొడుగులు నేనే అల్లుతున్నానని ఊరంతా చెప్పినవాణ్ణి, అల్లిక తెలియక అడిగినట్టవుతుంది. అదే నా నోరు నొక్కేసింది. ప్రాణం పెద్దదా, పరువు పెద్దదా అంటే, రెండూ కాపాడే ఉపాయం ఆలోచించాను. తొడుగు తీసుకుని గడ్డివాము వెనక్కి పోయాను. చివరి ముడి పళ్లతో కొరికి, కొస పట్టుకుని లాగాను.

ఊలు విప్పడంలో ఎంత సుఖం ఉందో విప్పినవాళ్లకే తెలుస్తుంది. వరస తరువాత వరస, టకటకటక ఊడుతూ వస్తుంది. భయం సగం వరసల్లో పోయింది, తరువాత వట్టి సంబరమే. వంకర్లు వంకర్లుగా ఊలు నా ఒళ్లో కుప్పపడింది. బొటనవేలి చీలిక దాటింది, అరచెయ్యి దాటింది, మణికట్టు పట్టీ మిగిలింది. అప్పుడు గడ్డివాము ఇవతల నీడ పడింది. తలెత్తితే అక్క.

నా మెడ చుట్టూ వేలాడుతున్న ఊలుని చూసింది. పక్కన కూర్చుంది. ఎన్నో సాయంత్రాల పని అది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నీళ్లు చూసి నేను గోల పెట్టి ఏడ్చాను. ఏడుపులో నిజం బయటపడింది. నాన్నమ్మకి తిప్పిన పురే అది, తాతయ్య చచ్చిపోతాడు అన్నాను.

"ఓలమ్మ! మీ తాతని నాను సంపేస్తానేటిరా, గుంటడా?" అంది అక్క. కళ్లలో నీళ్లు అలాగే ఉండగా నవ్వు వచ్చేసింది ఆవిడకి.

నన్ను రెక్క పట్టుకుని తాతయ్య దగ్గరికి తీసుకెళ్లింది. జరిగింది చెప్పింది. నేను దెబ్బలకి వీపు సిద్ధం చేసుకున్నాను. మా నాన్నమ్మ మాట వచ్చిన దగ్గర తాతయ్య చేతిలో తిరుగుతున్న నార ఆగింది. కాసేపు వీధి చివరికి చూశాడు. తరువాత చాలా గంభీరంగా లేచాడు.

"గుంటడు సెప్పింది నిజమే కదే అమ్మా. ఎదురు పురి ఇంట్లో ఉండకూడదు. పదరా, ఎక్కడెక్కడ ఉన్నాదో ఏరి పారేద్దాం."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన ముందు బావి దగ్గరికి తీసుకెళ్లాడు. చేద తాడు కొస నా చేతికిచ్చి విప్పి చూడమన్నాడు. విప్పాను. రెండు పాయలు విడిపోయాయి. ఒక పాయని పట్టుకుని ఏ వైపు తిరిగిందో చూడమన్నాడు. చూశాను. తాడు ఇటు తిరిగితే లోపల పాయ అటు తిరిగింది. ఎదురు పురి!

"పారేద్దామా? రేపట్నుంచి బావిలోకి నువ్వే దిగి ముంచుకొస్తావు," అన్నాడు.

తరువాత దూడ పలుపు. అందులోనూ లోపల ఎదురు పురే. పారేద్దామన్నాడు, దూడ రాజాం సంతకి ఒక్కర్తీ పోయి వస్తుందన్నాడు. నులక మంచం కొస విప్పించాడు. అందులోనూ అదే. పొద్దున్నే ఈ మంచం మీంచే కదా లేచావు, బాగానే ఉన్నావా అని నా నాడి చూశాడు. బండి మోకు దగ్గరికి వచ్చేసరికి నాకు కోపం వచ్చేసింది. ఊరంతా చావులేనా అని అరిచాను. అక్క పందిరి గుంజ పట్టుకుని నవ్వుతోంది.

అప్పుడు తాతయ్య అరుగు మీద కూర్చుని రెండు పాయల నార తీసుకున్నాడు. రెండింటికీ ఒకే వైపు పురి ఎక్కించాడు. రెండూ కలిపి అదే వైపు మెలిపెట్టి వదిలాడు. చూస్తూ ఉండగానే గిర్రున తిరిగి, ఏ పాయకా పాయ విడిపోయి ఆయన ఒళ్లో పడింది. మళ్లీ పాయలకి పురి ఎక్కించి, ఈసారి రెండింటినీ కలిపి దానికి ఎదురుగా తిప్పాడు. వదిలాడు. కదల్లేదు. అది తాడయింది.

"ఇది అటు లాగతాది, అది ఇటు లాగతాది. అందుకే పట్టుకుంటాది. ఎదురు పురి లేకపోతే అసలు తాడే లేదురా, నాయినా. మీ నాన్నమ్మకి పేనింది కూడా అలాటి తాడే. నోపలిది పైకి, పైది నోపలికి. అంతే తేడా."

ఇన్నేళ్ల తాళ్లింట్లో పుట్టి, తాళ్ల మంచం మీద పడుకుని, నేను ఒక్క తాడూ విప్పి చూడలేదు. పైన తిరిగిన దిక్కు ఒక్కటే చూశాను. అక్క పక్కకి వచ్చి నా రెండు చేతులూ కలిపి దణ్ణం పెట్టించింది. బొటనవేళ్లు చూడమంది. రెండూ నీ వైపే ఉన్నాయి కదా, కుడి చెయ్యిని తీసుకెళ్లి ఎడమ చెయ్యి ఉన్న చోట పెడితే ఏమవుతుందో చూడమంది. పెట్టి చూశాను. బొటనవేలు బయటికి పోయింది. చేతులు ఒకేలా ఉండవు, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కుడి చేతికి వేసింది మీ పెరటి తీగ, ఎడమ చేతికి వేసింది అదే తీగ బావి నీళ్లలో కనిపించే నీడ అంది. దణ్ణం పెట్టినప్పుడు రెండు తీగలూ రెండు వైపుల నుంచి ఒకే చోటికి పాకాలని అలా వేసిందట. తప్పు కాదు. అది ఆవిడ ఎన్నో రాత్రులు ఆలోచించి పెట్టిన ముచ్చట. దాన్నే నేను టకటకటక విప్పేశాను.

బండి కట్టే వేళయింది. మేష్టారు టిక్కెట్లకని సైకిలు మీద ముందే వెళ్లిపోయారు. బండి తోలేది తాతయ్యే. వెనక అక్క, వాళ్లమ్మగారు, ట్రంకు పెట్టె, నేను. బండి మా వీధి మలుపు తిరగక ముందే అక్క సైకిలు చువ్వలు బయటికి తీసింది. మణికట్టు పట్టీ మిగిలే ఉంది కదా, అక్కడినుంచి కుట్లు మళ్లీ ఎక్కించుకుంది. వంకర్ల ఊలు నా ఒళ్లో పెట్టి చిక్కు పడకుండా వదలమంది.

"రైలు వచ్చీ లోపల అవ్వాల. గతుకొస్తే సెప్పు తాతా!"

"గతుకు రానప్పుడు సెప్తాను, అది సులువు," అన్నాడు తాతయ్య.

ఆ ప్రయాణం గురించి నేను చాలా అబద్ధాలు చెప్పాను. ఎడ్లు బెదిరాయని, నేను కాడి మీదికి దూకానని. అవేవీ జరగలేదు. జరిగిందల్లా ఒక అమ్మాయి నాలుగు కోసుల మట్టి దారిలో, ఊగే బండిలో, వంచిన తల ఎత్తకుండా అల్లింది. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా ఒక కుట్టు వదులయ్యేది. ఏరు దాటే చోట నాలుగు కుట్లు బాగా సాగిపోయాయి. మెలిక తిప్పాల్సిన చోట వెదురు పుల్ల పళ్ల మధ్యనుంచి తీసేది. మెలికకీ మెలికకీ మధ్య మళ్లీ పళ్ల మధ్య పెట్టుకునేది. అందుకని నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం కోపం వల్లేమోనని నేను దారి పొడుగునా కుమిలిపోయాను. వాళ్లమ్మగారు ట్రంకుకి ఆనుకుని హాయిగా నిద్రపోయారు.

స్టేషను చేరేసరికి అరచెయ్యి పూర్తయింది. మెలికలన్నీ అయిపోయాయి. ప్లాట్‌ఫారం మీద చివరి వరస మూయడం మొదలుపెట్టింది. ఒక కుట్టు అల్లి, ముందున్న కుట్టుని దాని మీంచి దాటించి వదిలేయాలి. నా చేతుల మీద తన చేతులు వేసి మూడు కుట్లు నాతో చేయించింది. నాలుగోది నేనే చేశాను. అయిదోది కూడా. అంతలో సిగ్నలు పడింది. రైలు వచ్చింది. మేష్టారు తొందరపెట్టారు. ఇంకా పదిహేను కుట్లు చువ్వ మీద ఉన్నాయి.

అక్క రెండు చువ్వలూ, తొడుగూ, ఉండా అన్నీ నా చేతిలో పెట్టింది. వెదురు పుల్ల నా జేబులో వేసింది.

"తొడుగులు అల్లింది నువ్వే కదరా. మరి పూర్తి సెయ్యి," అంది.

నేను చెప్పిన గొప్పలన్నీ ఆవిడకి తెలుసన్నమాట. మొదటినుంచీ తెలుసు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి దణ్ణం పెట్టినట్టు రెండు చేతులూ కలిపి చూపించి నవ్వింది.

తిరిగి వచ్చే దారిలో నేను తాతయ్య పక్కన కూర్చుని ఆ పదిహేను కుట్లూ మూశాను. ఎక్కడ ఊడిపోతాయోనని ఊపిరి బిగబట్టి లాగడంతో అంచు కడియంలా బిగుసుకుపోయింది. ఒక కుట్టు జారిపోయింది. తాతయ్య దాన్ని వేలి కొసతో పట్టుకుని, ఒక గోగు పోగుతో ముడి వేశాడు. ఇంటికి వెళ్లాక గోనెసంచులు కుట్టే దబ్బనంతో, గోగు దారంతోనే అంచు కుట్టాడు. చెయ్యి దూర్చడానికి తంటాలు పడ్డాడు. చివరికి దూరింది. వేళ్లు బయటపెట్టి, నార పట్టుకుని, రెండు చేతులూ రుద్ది చూశాడు.

"మాటాడతన్నాది," అన్నాడు.

మా తాతయ్య ఆ తరువాత పధ్నాలుగు చలికాలాలు ఆ తొడుగులు వేసుకున్నాడు. నేను వంద అని చెప్పేవాణ్ణి, మా ఆవిడ లెక్క సరిచేసింది. కుడి చేతిది చూసినవాళ్లందరూ ఆహా అనేవారు. ఎడమ చేతిది ఎవరైనా చూసి ఇదేమిటి ఇలా ఉందంటే, ఆయన వేలు పెట్టి చూపించేవాడు. ఇదిగో ఇక్కడ ఏరు, ఇక్కడ రాళ్ల మలుపు, ఇక్కడ స్టేషను, ఈ బిగుసుకుపోయింది మా మనవడు. ఆయన పోయిన రోజు వీధి చివర నిలబడి ఎదురు పురి పేనింది నేనే. నాకు తెలిసిన తాడే అది, లోపలిది పైకి వచ్చింది, అంతే.

మనవరాలు ఇదంతా విని, తన రెండు తొడుగులూ వేసుకుని చేతులు కలిపింది. రెండు తీగలూ రెండు వైపుల నుంచి వేళ్ల కొసల వైపే పాకాయి. పొరపాటున వచ్చిన అందం అది. ఊలు కొస వదిలేసింది. అంత బాగా చెప్పినందుకు నాకొక జత అల్లిపెట్టమని అడిగాను. నువ్వే కదా ఈ జిల్లాకి కేబులు తెచ్చావు, నువ్వే అల్లుకో అంది. పెంపకం మా ఆవిడది.

ఆ వెదురు పుల్ల ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంటుంది. చెవిలో దురద పెట్టినప్పుడు పనికొస్తుంది. దానికంటే ఎక్కువగా నాతో ఉండిపోయింది ఇంకొక అలవాటు. ఎవరైనా ఏదైనా చెప్పి, అది నాకు తిరుగుడుగా, తప్పుగా, మన పద్ధతి కానట్టుగా తోచినప్పుడు, నోరు తెరవడానికి ముందు నా రెండు అరచేతులూ వాటంతట అవే కలుస్తాయి. బొటనవేళ్లు ఎటున్నాయో ఒకసారి చూసుకుంటాను. అప్పుడు గానీ మాట్లాడను. చాలాసార్లు ఆ తరువాత మాట్లాడే అవసరమే ఉండదు.

దీనివల్ల ఊళ్లో నాకొక మంచి పేరు వచ్చింది. ఈయన ఎంత మర్యాదస్తుడో, ఎవరితో పేచీ వచ్చినా ముందు దణ్ణం పెడతాడు అంటారు. నేను తల వంచుకుని వినయంగా నవ్వుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నేను పెట్టేది దణ్ణం కాదు. ఎదుటివాణ్ణి విప్పేయకుండా నా చేతుల్ని నేనే పట్టుకుంటున్నాను.